సార్ గీసిన రెండు తుమ్మలు

మా బోటనీ సారు ఎండకు భయపడి చెట్టు దగ్గరికి వెళ్లరు, బోర్డు మీద బొమ్మ గీస్తారు. నల్లతుమ్మనూ తెల్లతుమ్మనూ ఒకే సుద్దముక్కతో ఒకేలా గీసి, "తేడా తెలిసిందిగా!" అనేవారు. తెలియలేదంటే, "మీ ఇంట్లో ఎవరైనా చదివుంటేగా అమ్మా!" అని జాలిపడేవారు.

పెనుగొలను వెళ్లే దారిలో ఆటో దిగి నేనే రెండు చెట్లూ చూసుకున్నాను. ప్రాక్టికల్ తప్పితే డిగ్రీ ఆగిపోతుంది మరి.

పరీక్షలో వేరే కాలేజీ నుంచి వచ్చిన మేడం ఒక కొమ్మ చూపించారు.

"నల్లతుమ్మండి. పసుపు పూలు, పూసలదండలాంటి కాయ. తెల్లతుమ్మకైతే బెరడు తెల్లగా, పూలు మీగడ రంగులో ఉంటాయండి."

నిన్న ఫలితాలొచ్చాయి, పాసయ్యాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే! లడ్డూ ఇస్తే సారు మురిసిపోయారు.

"నా బోధన అలాంటిది! మీ చెల్లిని కూడా బోటనీలోనే చేర్పించమ్మా."

"కామర్స్‌లో చేరిపోయింది సార్," అని ఇంకో లడ్డూ పెట్టాను.