నేల నుంచి ఎంత ఎత్తు

ఆడపడుచు అడుగుపెట్టిందంటే ఎంత పెద్ద షాపులోనైనా సేల్స్‌మన్‌కి ఊపిరాడదు. ఇద్దరు పిల్లల్ని పెంచిన అనుభవం ఆవిడది. ఆ అనుభవంతో లోకంలో పుట్టబోయే పిల్లలందరికీ తానే దిక్కని ఆవిడ గట్టి నమ్మకం. అందుకే తమ్ముడూ మరదలూ బిడ్డ గదికి సొరుగుల బల్ల కొనడానికి బయల్దేరుతున్నారని తెలియగానే, ఎవరూ పిలవకుండానే వచ్చేసింది.

కింద బిడ్డ బట్టలకి సొరుగులు, పైన చిన్న పరుపు. ఆ పరుపు మీద పడుకోబెట్టి, నిలబడే డైపర్ మార్చుకోవచ్చు. ఒంగక్కర్లేదు, నడుం పట్టేయదు. సేల్స్‌మన్ డైపర్ తొడిగిన ఒక ప్లాస్టిక్ బొమ్మని చంకనేసుకుని తిరుగుతూ, ప్రతి బల్ల మీదా దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి చూపిస్తున్నాడు.

"ఇది చూడండి మేడమ్. చుట్టూ అంచుంది. బేబీ దొర్లినా పడదు."

"ఇంతేనా అంచు?" అంది మరదలు.

ఆమె షర్టులు కుట్టే కంపెనీలో పనిచేస్తుంది. బొత్తాలకి కాజాలు వేసే మెషిన్ ఆమెది. అక్కడ అందరికీ ఆమె కాజాలక్క, మనకీ అదే పేరు చాలు. ఏడో నెల. మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. కొలిచే టేపు జేబులో లేకపోతే అతనికి చొక్కా వేసుకున్నట్టే ఉండదు. ఇంట్లో గోడలు కొలిచాడు, తలుపులు కొలిచాడు, ఓ మధ్యాహ్నం నిద్రపోతున్న పెళ్ళాం పొట్ట కూడా కొలవబోయి చీవాట్లు తిన్నాడు.

"అమ్మాయ్, ఇది బాగుంది కదే," అంది ఆడపడుచు తెల్లటి బల్లని చేత్తో నిమురుతూ. "సొరుగులు ఎంత మెత్తగా జారుతున్నాయో చూడు."

"ఎత్తెక్కువేమో వదినా."

"ఎత్తేమిటి? నీ నడుం దాకానే ఉంది."

కాజాలక్క బల్ల పైనుంచి కింద గచ్చు దాకా చూసింది.

పెళ్ళికి ముందు ఆమెకి ఫిట్స్ ఉండేవి. కిందపడి కొట్టుకునే రకం కాదు. ఉన్నట్టుండి చూపు నిలిచిపోయేది, చేతులు వదులైపోయేవి, పట్టుకున్నది జారిపోయేది. కాసేపటికి తేరుకుని, గ్లాసు ఎవరు పగలగొట్టారని తనే అడిగేది. ఈ సంగతి దాచకుండా చెప్పే పెళ్ళి చేశారు. మాత్రలు పడ్డాయి, ఏళ్ళ తరబడి మళ్ళీ రాలేదు. అత్తింట్లో ఆ మాటే అందరూ మరిచిపోయారు. వాళ్ళు మరిచిపోవడమే ఆమెకి పెద్ద సుఖం.

కడుపు వచ్చాక, బిడ్డకి మంచిదని డాక్టరు మాత్రలు మార్చారు. పోయిన వారం మెషిన్ మీద కూర్చుని కాజాలు వేస్తూ వేస్తూ తల ఎత్తి చూసేసరికి, షర్టు ముందుభాగం ఒకే చోట నమిలేసినట్టయి ఉంది. కాలు పెడల్ మీదే ఉండిపోయింది. కాజా మీద కాజా, దాని మీద కాజా. పక్క మెషిన్ ఆవిడ "ఏమక్కా, బట్ట మీద ఎవరి కోపం తీర్చుకుంటున్నావ్?" అని నవ్వింది. కాజాలక్క కూడా నవ్వింది. ఆ షర్టు ఉండచుట్టి ముక్కల గోతంలో అడుగున కుక్కేసింది.

ఇంటికొచ్చి చెబుదామనుకుంది. నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే, చిన్నప్పుడు అక్క కొడుకుని ఎత్తుకోబోతే, "వద్దులేమ్మా, నువ్వు పట్టుకోకు" అని ఎంతో ప్రేమగా చేతుల్లోంచి తీసేసుకునేవాళ్ళు. తిట్టి తీసుకున్నా ఇంత గుర్తుండేది కాదు. అది అక్క బిడ్డ, సరిపెట్టుకుంది. రేపు తన బిడ్డనీ అలాగే తీసేసుకుంటే? పోనీ చెప్పకుండా ఉంటే, ఆ తెల్ల బల్ల మీద బిడ్డ కాళ్ళు ఆడిస్తుండగా తన చూపు నిలిచిపోతే? వారం రోజులుగా అన్నం నోటికి సహించడం లేదు.

"ఇది కొంచెం పొట్టి మోడల్ సార్," అన్నాడు సేల్స్‌మన్. బొమ్మని తీసి ఇంకో బల్ల మీద పెట్టాడు.

"ఎత్తే," అంది కాజాలక్క.

"మేడమ్, ఇంతకంటే తక్కువైతే స్టూలే!"

ఆడపడుచుకి ఓపిక అయిపోయింది. "ఏమిటే నీ వరస? పొద్దున్నుంచీ ఏది చూపించినా పెదవి విరుస్తున్నావు. బల్ల కొంటున్నావా, మేడ కడుతున్నావా?"

మెకానిక్ నవ్వుతూ మధ్యలోకి వచ్చాడు. "ఉండక్కా. కాళ్ళు కోయించి పడేస్తే పోతుంది. చెప్పు, ఎంత ఎత్తు కావాలి?" టేపు లాగి నడుం దగ్గర పెట్టాడు. "ఇక్కడికా?"

"ఇంకా కిందికి."

మోకాలి దగ్గర పెట్టాడు. "ఇక్కడికి?"

"ఇంకా."

"ఇంకెక్కడుందీ, నేలేగా!" అని గొంతుకూర్చుని, అరచెయ్యి గచ్చుకి ఆనించాడు, ఆటగా.

"అక్కడ," అంది.

అతని నవ్వు ఆగిపోయింది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే తలెత్తి పెళ్ళాం మొహంలోకి చూశాడు.

"మళ్ళీ వచ్చిందా?" అన్నాడు మెల్లగా.

తల ఊపింది. ఆ ఊపుతోనే కళ్ళనీళ్ళు రాలాయి. "పోయిన వారం, మెషిన్ దగ్గర. ఒక్కసారే అండీ."

"వారం నుంచా? వారం నుంచీ మెట్లెక్కుతున్నావు, స్టవ్ దగ్గర నిలబడుతున్నావు, నాకు ఒక్క ముక్క చెప్పలేదా?" అతని గొంతు పెద్దదైంది. కోపం కాదది, భయం. "పద. ఇక్కణ్ణించి తిన్నగా డాక్టరు దగ్గరికే."

"వస్తాను. చెబితే బిడ్డని నా చేతికివ్వరేమోనని చెప్పలేదు."

ఆడపడుచు అంతా విన్నది. ఒక్క క్షణం నోటి మీద చెయ్యి వేసుకుని, వెంటనే తేరుకుంది. "ఓస్, దీనికా ఏడుపు? నేను లేనూ? మొదటి ఏడాది బిడ్డ మా ఇంట్లో ఉంటుంది. నువ్వు హాయిగా పడుకో."

చిన్నప్పుడు అక్క కొడుకుని చేతుల్లోంచి తీసేసుకున్న అదే ప్రేమ, అదే ధోరణి. ఆ మాటకి అడ్డు చెప్పడం అంత తేలికైన పని కాదు, అందులో చెడు ఏమీ లేదు మరి.

"ఆ బొమ్మ ఇటివ్వండి," అంది కాజాలక్క సేల్స్‌మన్‌తో.

బల్ల మీది పరుపు తనే లాగి గచ్చు మీద వేసింది. మొగుడి భుజం పట్టుకుని, ఆయాసపడుతూ, కాళ్ళు చాపుకుని కూర్చుంది. బొమ్మని పరుపు మీద పడుకోబెట్టి డైపర్ విప్పింది. కాళ్ళు రెండూ కలిపి ఎత్తి, అదే డైపర్ మళ్ళీ కిందికి తోసింది. ఒక పక్క అంటించి, ఆగింది.

"ఇప్పుడు నాకు వచ్చిందనుకోండి వదినా." రెండు చేతులూ వదిలేసింది. బొమ్మ పరుపు మీద ఉన్నచోటే ఉంది. "ఎక్కణ్ణించి పడుతుంది?"

ఆడపడుచు మోకాళ్ళు పటుక్కుమంటుంటే తనూ కింద కూర్చుంది.

"ఎత్తుకుని తిరిగేటప్పుడో?"

"ఒంటరిగా ఉంటే ఎత్తుకుని నడవను. పిల్లల బండిలో పడుకోబెట్టి తోస్తాను. ఇంట్లో ఇంకొకరు లేకుండా స్నానం చేయించను."

"ఇవన్నీ ఎప్పుడు ఆలోచించావే?"

"వారం నుంచీ అదే పని."

ఆడపడుచు కళ్ళు తుడుచుకుంది. పరుపు మీదికి ఒంగి చూసింది. "ఎడమ పక్క ఇంకా అంటించలేదు. ఇలా వదిలేస్తే అంతా కారిపోతుంది," అంటూ అలవాటుగా చెయ్యి చాపింది.

చాపిన చెయ్యి బొమ్మ దాకా వెళ్ళి ఆగింది. దాన్ని వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వే అంటించు," అంది.