ఫోటో అడుగున తెల్లగీత

కంప్యూటర్ వస్తే కరువు పోతుందని ఉపన్యాసాలు దంచిన కాలమది. మడకశిరకు కరువు పోలేదు గానీ, 2007లో బస్టాండు పక్క మేడమీదకు నాలుగు కంప్యూటర్లు వచ్చాయి. పెళ్ళిసంబంధాల వెబ్‌సైటుకు జనం పంపే ఫోటోలు చూసి, పనికిరానివి ఆపడం అక్కడి పని. అసభ్యమైనవి ఆపాలి, ఫోన్ నంబరు రాసినవి ఆపాలి, మిగిలినవి వదలాలి. అక్కడ పనిచేసేవాళ్ళలో మల్లీశ్వరి చెయ్యి అందరికంటే వేగం.

ఇంటర్నెట్ లైనుది మాత్రం నత్తనడక. ఒక పెద్ద ఫోటో తెరుచుకునేలోగా టీ తాగి రావచ్చు. అందుకని యజమాని కేశవులు ఫోటోలన్నిటినీ తపాలాబిళ్ళంత కుదించి, తెరనిండా వరసగా కనిపించేట్టు పెట్టించాడు. అంత చిన్నదాంట్లో అక్షరాలు ఉత్త గీతగా మారతాయి. దానికీ అతని దగ్గర సమాధానముంది. మన స్టూడియోలన్నీ ఫోటో అడుగున తమ పేరు తెల్లగా అచ్చేస్తాయి, ఆ గీతకు భయపడి ఆపుతూ పోతే ఒక్క సంబంధమూ మిగలదు, వదిలేయండి అన్నాడు. మల్లీశ్వరికీ సబబే అనిపించింది.

ఒక మధ్యాహ్నం ఆ మేడకు ఎదురింటి చౌడేశ్వరి మెట్లెక్కి వచ్చింది. బట్టలు కుట్టే పిల్ల. చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది. పొద్దున్నుంచి ఎవరెవరో మగవాళ్ళు తెలుగులో, కన్నడంలో అడగరానివి అడుగుతున్నారట. సైట్లో నీ ఫోటో చూశానని ఒకడు చెప్పాడట. ఆమె ఏ సైటుకూ ఫోటో పంపలేదు. మొన్న తాము కాదన్న సంబంధం వాళ్ళ దగ్గర మాత్రం ఒకటి ఉండిపోయింది.

“గొర్లు తోలుకపోయిన మాయన్న సాయంత్రానికి వస్తాడక్కా. ఫోన్ మోగితే ఆయనే ఎత్తుతాడు. ఇంగ నాకు మిషనూ ఉండదు, గడప దాటేదీ ఉండదు.”

మల్లీశ్వరి ఊరి పేరు కొట్టి వెతికింది. ఫోటో దొరికింది. కింద వదిలినవాళ్ళ పేరు, తనదే. వదిలిన రోజు ఎదురింటి పిల్ల మొహం కళ్ళముందుకొచ్చినా తను గుర్తుపట్టలేదు. పెద్దది చేసింది. ఫోటో పైనుంచి పట్టీలు పట్టీలుగా దిగుతోంది. పాపిట, కళ్ళు, మెడ. ఫోన్ మళ్ళీ మోగింది. చివర్న తెల్లగీత విడిపోయి అంకెలైంది. స్టూడియో పేరు లేదు. చౌడేశ్వరి నంబరు, పక్కన ‘ఒంటరిగా ఉంటాను’.

వదిలిన ఫోటోను తీసే వీలు కేశవులుకొక్కడికే ఉంది. అతను నసిగాడు. ఇప్పుడే తీస్తే తప్పు జరిగిందని పైవాళ్ళకు తెలుస్తుందట, నాలుగురోజులు పోతే అదే మరుగునపడుతుందట.

“నేనే వదిలినా అన్నా. నా పేరే చెప్పు, పనిలోంచి తీసేయ్. ముందు ఆ ఫోటో తియ్యి.”

తీశాడు. రేపట్నుంచి రావద్దని కూడా అన్నాడు. గీత ఉన్నా వదలమన్నది ఎవరో అతనికి గుర్తురాలేదు.

ఫోటో పోయినా, నంబరు రాసుకున్నవాళ్ళు రాసుకున్నారు. ఫోన్ ఆగలేదు. మల్లీశ్వరి దాన్ని తన చేతిలోకి తీసుకుని, చౌడేశ్వరిని వెంటబెట్టుకుని వీధిలోకి దిగింది. అప్పటికే సాయంత్రమైంది, చౌడేశ్వరి ఇంటిముందు గొర్రెల దుమ్ము ఇంకా అణగలేదు. అన్న తిప్పేస్వామి కంబళి దులుపుతూ నిలబడ్డాడు.

ఫోన్ మోగింది. ఎవురని అడుగుతూ అతను చెయ్యి చాచాడు. మల్లీశ్వరి ఇవ్వలేదు. అతని కళ్ళలోకి చూస్తూనే ఎత్తింది.

“ఆ పిల్ల నంబరు బయట పెట్టిండేది వేరేవాడు. చూడకుండా వదిలిండేది నేను. ఏమడుగుతావో నన్నడుగప్పా.”

అవతలివాడు పెట్టేశాడు. తిప్పేస్వామి చాచిన చెయ్యి ఇంకా అట్లాగే ఉంది.

“కూచో అన్నా, మొదట్నుంచీ చెప్తా” అంది మల్లీశ్వరి, ఫోన్ చౌడేశ్వరి చేతికే ఇస్తూ.