వంకలో తాబేలు, వీధిలో సంతకాలు

కొండ మీద వాన పడితే నీళ్ళు దిగేది మా వీధి వెనకాల వంకలోనే. మిగతా రోజుల్లో అందులో పారేవి మా వంటిళ్ళ నీళ్ళు. పోయినేడు దాని మీద బండలు పరిచి కార్లు పెట్టుకుందామని వీధి పెద్దలు తీర్మానించినారు. వద్దని రాసిన కాగితం పట్టుకుని సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగినాను.

వంక మూస్తే బోర్లు ఎండిపోతాయన్నాను. వాననీళ్ళు ఇళ్ళలోకి వస్తాయన్నాను. అందరూ కాఫీ ఇచ్చినారు, సంతకం మాత్రం పెట్టలేదు.

ఎదురింటాయన గుడి ఆఫీసులో పనిచేసి రిటైరైనాడు. "ఆ మురిక్కాలవ కోసం ఇంత గొంతు చించుకుంటాండావే, అందులో ఏముండాదమ్మా?" అన్నాడు.

"మీరు పారేసిన పాల కవర్లుండాయి," అన్నాను. ఇంక సంతకం ఎక్కడ పెడతాడు!

ఆ వారమే పెద్ద వాన కురిసింది. మర్నాడు వంకలో, విరిగిన సిమెంటు పైపు మీద ఒక తాబేలు ఎండ కాచుకుంటా కనిపించింది. సాయంత్రానికి వీధంతా గట్టు మీదే ఉంది. "కూర్మావతారం మన వీధికొచ్చినాడు," అని ఎదురింటాయన చెంపలేసుకున్నాడు. నేను నోరు మూసుకోవచ్చు కదా? "ఏ చెరువులోదో, వాన నీళ్ళకు కొట్టుకొచ్చింది," అన్నాను. వాళ్ళు చూసిన చూపుకు కాగితం బయటికి తీయలేదు.

మర్నాడు ఆయనే మా గేటు తట్టినాడు. "కాగితం తే అమ్మా, అందరం పెడతాం. స్వామి ఉండే తావులో కార్లేంది? వంక మీద మండపం కడదాం."

మళ్ళీ బండలే! ఇరవై ఏళ్ళు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన నోటితో, "పైన కప్పేస్తే స్వామికి ఎండ యాడ తగుల్తాది? ఎండ లేకుంటే బతకడు," అన్నాను. తాబేలుకు ఎండ కావాలన్నది నిజమే. దాన్ని స్వామి అన్నది కూడా నేనే.

ఆయన "అట్లయితే తెరిచే పెడదాం," అని మొదటి సంతకం చేసినాడు. బండలు ఆగిపోయినాయి. ఇప్పుడు ఎవరైనా కవరు విసిరితే ఆయనే అరుస్తాడు. కానీ ఈ తాబేలు ఎప్పుడో ఒకరోజు పోతుంది. అప్పటికి వీళ్ళకు వంకే కావాలనిపించకపోతే ఆ బండలు మళ్ళీ వస్తాయి.

అది చాలదన్నట్టు, పక్కింటి పెద్దామె రోజూ పొద్దున్నే నీళ్ళలో పులిహోర వేస్తాది. వద్దంటే, "నువ్వే కదమ్మా స్వామి అంటివి? నైవేద్యం లేకుండా ఎట్ల?" అంటుంది. రోజూ వాదిస్తాను. నిన్నటికి సగమన్నా గట్టు మీద పెట్టడానికి ఒప్పుకునింది. దాన్ని కాకులు తింటాండాయి.