ఎత్తు మీద యాదగిరి పాట

మీ ఊపిరి గురించి మీ ఇంటివాళ్లకు నిజం చెప్పారా?

కోపం తెచ్చుకోకండి. అడిగే హక్కు నాకు నిన్ననే వచ్చింది.

నిన్న పొద్దున నల్లగొండ దవాఖాన వరండాలో నిలబడి ఉన్నాను. ఒంటి మీద ఇంకా సైకిల్ జెర్సీనే. డాక్టర్ బయటకు వచ్చి, యాదగిరి దారిలోనే పోయాడని చెప్పాడు. నేను ఆయనతో వాదించాను.

"లేదు సార్, జర మళ్ల చూడుండ్రి. గిప్పటిదాక పాడుతనే ఉండె."

ఆయన నా భుజం తట్టి లోపలికి వెళ్లిపోయాడు.

యాదగిరిని ఎరగనివాళ్ల కోసం రాస్తున్నాను. మాది మర్రిగూడ. నేను అక్కడి చర్చి పాస్టర్‌ని. వాడిది గొర్లు, మేకలు పెంచే ఇల్లు. వయసులో ఉన్నప్పుడు సైకిల్ రేసుల్లో మా అందరికీ కనిపించింది వాడి వెనక చక్రమే.

తర్వాత పెళ్లి, మేకల బేరాలు, అంగళ్లు. సైకిల్ అటకెక్కింది. పొట్ట వచ్చింది. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ నీళ్లకు మోకాళ్లు ఎలాగూ బిగుసుకున్నాయి.

పోయిన వానాకాలం ఆ సైకిల్ దించి, తుడిచి, మా ఇంటి ముందుకు తెచ్చాడు. "అన్నా, నన్ను మళ్ల మనిషిని చెయ్యి" అన్నాడు.

మా సైకిల్ గ్రూపు రైడ్‌లో ఒక పద్ధతి ఉంది. నేను పెట్టిందే.

చాలాకాలం తర్వాత తొక్కేవాడు ఎత్తు ఎక్కేటప్పుడు గొంతెత్తి పాడాలి. పాట తెగిందంటే ఊపిరి చాలడం లేదని అర్థం. దిగి నడవాలి. ముందు నేను తొక్కుతూ వింటుంటాను.

నాకు వచ్చినవి కీర్తనలే. "నీ పాటలు నా నోరు తిరగయన్నా, మా మల్లన్న పాట పాడుత" అన్నాడు. పాడమన్నాను. ఊపిరి ఇచ్చినవాడికి ఆ తేడా ఉండదు.

మొదట్లో సగం ఎత్తుకే తెగేది. దిగి నడిచేవాడు. గ్రూపువాళ్లు ఊరుకుంటారా? "యాదన్నా, సైకిల్ నువ్వు తొక్కుతున్నవా, అదే నిన్ను అంగడికి తోలుకపోతాందా?"

వాడూ నవ్వేవాడు.

ఒకరోజు పాట తెగలేదు. పైదాకా వచ్చింది. మర్నాడూ అంతే. పల్లవి, చరణం, మధ్యలో కాస్త ఆయాసం, మళ్లీ పల్లవి. చెలకలో ఎక్కడో మేక అరిచేది. పైకి చేరాక వాడు చెమటలో తడిసి, మాట్లాడకుండా బొటనవేలు చూపించేవాడు.

డాక్టర్ ఏమన్నాడని అడిగాను. "తొక్కుకో అన్నడన్నా. గుండె గుర్రం లెక్కుందట."

నేను పొంగిపోయాను. ఆదివారం ప్రార్థనలో గొంతు చించుకుని చెప్పాను, పడిపోయిన దేహం మళ్లీ లేస్తుంది, మా యాదగిరిని చూడండి అని. అది విని అటకల మీది సైకిళ్లు దించినవాళ్లు ఈ పోస్ట్ చదువుతున్నారు.

నిన్న అదే ఎత్తు. ముందు నేను. వెనక వాడి పాట. మేక కూడా అరిచింది.

ఎదురుగా వస్తున్న ట్రాక్టర్ ఆయన బండి ఆపి, నా వెనక్కి చెయ్యి చూపించాడు. "ఓ పెద్దమనిషి, నీ ఎంబడొచ్చేటాయన పడ్డడు."

తిరిగి చూశాను. యాదగిరి రోడ్డు పక్కన కూలబడి ఉన్నాడు. పెదవులు కదలడం లేదు.

పాట వస్తూనే ఉంది.

జెర్సీ వెనక జేబులో చిన్న స్పీకర్. అందులో వాడి గొంతే. ఇంటి దగ్గర కొట్టం పక్కన కూర్చుని రికార్డ్ చేసుకున్నాడు. ఆయాసం కూడా తానే పెట్టుకున్నాడు. మేక మాత్రం తనంతట తాను అరిచింది.

పరిశుద్ధ గ్రంథంలో ఒక చూపులేని తండ్రి ఉన్నాడు. చిన్నకొడుకు, ఒళ్లంతా రోమాలున్న అన్నలా తోచేందుకు చేతులకు మేకతోలు చుట్టుకుని వచ్చి, అన్నకు రావలసిన దీవెన తాను ఎత్తుకుపోతాడు. ఆ ముసలాయన గొంతును అనుమానించి చేతులను నమ్మాడు. ఇన్నేళ్లు ఆ కథ అందరికీ చెప్పిన నన్ను, వాడు గొంతుతోనే మోసం చేశాడు. అది తెలిసి కూడా దవాఖానలో ఆ గొంతు పేరే చెప్పి డాక్టర్‌తో వాదించాను.

అంతటితో అయిపోలేదు.

వాడి భార్య పద్మ దవాఖానకు వచ్చింది. ఏడవలేదు. నా ఎదురుగా నిలబడి అడిగింది.

"డాక్టర్ సైకిల్ ముట్టొద్దన్నడు గదన్నా. నీకు చెప్పిన అన్నడు. మెల్లగ తోలుకపోత అని నువ్వు మాటిచ్చినవన్నడు. నీ పేరు చెప్తేనే నేను పంపిన."

నా దగ్గర డాక్టర్ పేరు వాడుకున్నాడు. ఆమె దగ్గర నా పేరు వాడుకున్నాడు. మా ఇద్దరి మధ్యలోంచి తొక్కుకుంటూ వెళ్లిపోయాడు.

నాకు తెలియదని ఆ చెల్లెకు ఎలా చెప్పను? చెబితే, అప్పుడే పోయిన మనిషి ఆమె కళ్లముందు అబద్ధాలవాడు అవుతాడు. చెప్పకపోతే ఆమె మొగుణ్ణి చంపినవాణ్ణి నేను.

చెప్పాను. ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. వాడు నాకు మిగిల్చిన పని అది.

యాదగిరీ, దిగి నడిస్తే ఏం పోయేది? నీ పక్కన నేనూ నడిచేవాణ్ణి కదరా. ఎండెక్కేదాకా నడిచేవాళ్లం. ఎవడో నవ్వితే నవ్వనీ.

నిన్న సాయంత్రం నీ మీద మట్టి వేస్తుంటే కూడా నా కోపం తగ్గలేదు. ఇది రాస్తున్నప్పుడూ తగ్గలేదు. నువ్వంటే ప్రేమ లేకపోతే ఇంత కోపం వచ్చేదే కాదు.

పోయిరా తమ్ముడా. ఎవరికీ ఏదీ రుజువు చేయనక్కర్లేని చోట నీ ప్రాణం నెమ్మదిగా ఉండాలి.

గ్రూపులోని తమ్ముళ్లారా, రేపు రైడ్ లేదు. ఛాతీ పట్టేస్తున్నా, డాక్టర్ వద్దన్నా, దాచిపెట్టి తొక్కుతున్నవాళ్లు మీలో ఉన్నారు. ఈ పోస్ట్ కింద ఏమీ రాయకండి. ఫోన్ పక్కన పెట్టి లేవండి. ఇంట్లో ఉన్న మనిషికి నిజం చెప్పి, ఆ మనిషిని వెంటబెట్టుకుని ఈరోజే దవాఖానకు పోండి.