వ్యాసం రాసినోడు

2012ల అశోక్ నగర్ హాస్టల్ల ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న. కోచింగ్‌ల ఒకపారి వ్యాసం రాయమన్నరు, మన రాజ్యాంగంల హక్కులు పరాయి దేశపోళ్లకు సుత ఉండాల్నా అని. రెచ్చిపోయి రాసిన. ఓటు, సర్కారు నౌకరి మనకే ఉండనీ, మనిషి పానానికి పాస్‌పోర్టు అడుగుడేందని. పట్టుకపోయినోడు ఏ దేశపోడైనా ఇరవై నాలుగు గంటలల్ల మేజిస్ట్రేట్ ముందట నిలవెట్టాలని. సారు దాన్ని గోడకు అంటిచ్చిండు. వారం దినాలు కాలర్ ఎగరేసుకుంట తిరిగిన.

ఆ నెలల్నే మా హాస్టల్ల ఒక పోరని ల్యాప్‌టాప్ పోయింది. పోలీసులు వేరేటోళ్లను ఎవల్నీ అడగలే, నేపాల్ నుంచి వచ్చిన మా వాచ్‌మన్‌ను జీపెక్కిచ్చిన్రు. ఆయన భార్య మా బట్టలు ఇస్త్రీ చేసేది. తెల్లారి నా రూమ్ కాడికొచ్చి హిందీల అడిగింది. "భయ్యా, మా అసుంటోళ్ల గురించి రాసినవంట. జర స్టేషన్ల చెప్పరాదు. లేకుంటే ఓనర్ సాబ్‌ను అడగాల్నా?" ఓనర్ వకీలు, గాంధీనగర్ల ఉంటడు. "ఆయనెందుకు, నేను పోతున్న కదా" అన్న.

పోయిన. గేటు కాడ కానిస్టేబుల్ రిజిస్టర్ ముందట పెట్టిండు. "నేపాలోనికి నువ్వేమైతవ్? పేరు, ఊరు రాయ్."

రేపు నాకు నౌకరొస్తే ఎంక్వైరీ చేసేది పోలీసులే. పెన్ను పట్టుకున్న, మల్ల కింద పెట్టిన. "ఏం లేదన్నా, ఊకెనే వచ్చిన" అని తిరిగొచ్చిన. మాటలు కోటలు దాటుతయి గని కాళ్లు గడప దాటవంటరు. థూ, నా గురించే అన్నరు ఆ మాట.

ఆమె మెట్ల మీద కూసోని ఉంది. ఆ మొఖం చూడలేక, "మాట్లాడిన, మాపటికి విడుస్తరు" అన్న. నమ్మింది. ఆమె ఓనర్ దగ్గరికి పోలే. మర్నాడు అడిగితే కాయిదాలు అయితున్నయన్న. అది సుత నమ్మింది.

మూడోనాడు ల్యాప్‌టాప్ ఆ పోరని దోస్తు దగ్గరనే దొరికింది. వాచ్‌మన్‌ను విడిచిన్రు. పాదాలు వాచి గోడ పట్టుకొని నడిచిండు. ఎడమ చెవు ఇనవడలే, మల్ల ఎన్నడు ఇనవడలే. సంగతి తెలిసి ఓనర్ నెత్తి కొట్టుకున్నడు. "మొదటి దినమే చెప్తే ఒక్క ఫోన్‌ల అయిపోతుండె గదరా" అన్నడు.

ఆ సాయంత్రం మొగుడు పెండ్లాలిద్దరు నా రూమ్‌కు వచ్చిన్రు. ఆమె ఆయన కుడి చెవు దగ్గర నోరు పెట్టి గట్టిగ చెప్పింది, నిన్ను ఇడిపిచ్చింది ఈ భయ్యానే అని. ఆయన గోడ విడిచి, వంగి నా కాళ్లు మొక్కిండు.

నేను కాదని చెప్పలే.