షుగర్ పోయిందన్న సాక్ష్యం

మా సంఘంలో జలుబు కన్నా సాక్ష్యం తొందరగా అంటుకుంటుంది. ఆదివారం ఆరాధనలో ఒకరు లేచి మోకాలి నొప్పి పోయిందంటే, పై వారానికి ఇంకో ముగ్గురి మోకాళ్ళు బాగుపడతాయి. మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకునే దిగుతారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని ఈ తెలుగు మందిరంలోనే నేను లేఖనాలు నేర్చుకున్నాను, ఇప్పుడు సండే స్కూల్లో నేర్పుతున్నాను. స్వస్థపరచేవాడు ఉన్నాడనడంలో నాకు అనుమానం లేదు. నా అనుమానమంతా మా ఆయన మీదే.

ఆయన గూడ్స్ బండి లోకో పైలట్. షుగర్ పెరిగిపోతోందని రైల్వే ఆస్పత్రి డాక్టరమ్మ మాత్రలు మార్చి, మెడికల్ పరీక్షలో ఇలాగే ఉంటే ఇంజిన్ ఎక్కనివ్వరని చెప్పింది. ఆయనకు అంతకు మించిన నరకం లేదు. ప్రొటీన్ పొడి వాడొచ్చా అని అడిగితే, వాడొచ్చంది. చక్కెర కలపని రకం, అన్నానికి కాస్త ముందు, నీళ్ళలో. తిన్నాక షుగర్ ఒక్కసారిగా ఎగరకుండా కొంత ఆపుతుందట. కిడ్నీ పరీక్ష చేయించాకే మొదలుపెట్టాలి, అన్నం తగ్గించాలి, మాత్రలు మానకూడదు.

ఊళ్ళోనే సర్కండా పేటలో ఒక జిమ్ పక్కన కొట్లో పొడి డబ్బా కొన్నారు. దాని మీద చొక్కా వేసుకోవడం మరిచిపోయిన మనిషి బొమ్మ. కొన్నాళ్ళు చెప్పినవన్నీ బుద్ధిగా చేశారు. షుగర్ దిగింది. దిగగానే ఆదివారం లేచి నిలబడి, "దేవుడు నా షుగర్ తీసేశాడు" అన్నారు. దేవుడికి మహిమ దక్కింది, పొడికి రెండు మంచి మాటలు దక్కాయి. పాపం, మాత్రల ఊసు ఎవరూ ఎత్తలేదు.

సోమవారం నుంచి మాత్రలు మానేశారు.

"ఏటండీ ఇది?" అన్నాను.

"పోయిందని సంఘంలో సెప్పేసినాక మళ్ళీ మాత్ర మింగితే, సాక్ష్యం అబద్ధమైపోదేటే?"

"సువార్త రాసినోళ్ళలో ఒకాయన వైద్యుడే కదండీ. ఆయన్ని కూడా వెలేసేద్దామేటి?"

"అచ్ఛా, నువ్వు సండే స్కూల్ నాకు పెట్టకు."

స్వస్థత పొందినవాడిని సంఘం ఊరికే వదలదు. ఆరాధన అయ్యాక సంఘ పెద్ద భార్య టిఫిన్ డబ్బా మూత తీసి, "షుగర్ పోయింది కదన్నయ్యా, రెండు అరిసెలు తింటే ఏటవుద్ది?" అనేది. తినకపోతే విశ్వాసం లేనట్టే. అందరూ చూస్తుండగా, విశ్వాసం కోసం ప్రాణమిచ్చే హతసాక్షి ముఖం పెట్టుకుని మూడు తినేవారు. ఇంటికొచ్చాక పొడిని అరటిపండు, పంచదార వేసిన పాలలో కలిపి తాగేవారు. తిన్నదాన్నంతా పొడి కోసేస్తుందట. అన్నం మళ్ళీ పాత కొండంత అయింది. షుగర్ చూసుకోమంటే, చూసుకోవడం అవిశ్వాసమన్నారు.

తర్వాత దాహం మొదలైంది. చెంబులకు చెంబులు నీళ్ళు తాగుతుంటే, దేవుడి కోసం కలిగిన ఆత్మీయ దాహమేమో అనుకుని ఊరుకోమంటారా?

ఒక సాయంత్రం ఇంట్లో కుటుంబ ప్రార్థన. పాటల పుస్తకాన్ని దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా జరిపారు, చివరికి నా చేతికిచ్చారు.

"అక్షరాలు అలికేసినట్టున్నాయే. నువ్వే సదువు."

"పాట నేను సదువుతాను. పొద్దున్న డ్యూటీ కదా, సిగ్నల్ ఎవరు సదువుతారు?"

ఆయన కళ్ళు నులుముకున్నారు. ఆయన కోపంగా ఉన్నప్పుడు మాట్లాడతారు, భయపడినప్పుడు మాట్లాడరు. ఆ పూట పాట లేకుండానే ప్రార్థన అయింది. తెల్లారి డ్యూటీకి వెళ్ళకుండా ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ రిపోర్టు చూసి, ఆయన్ని చూసి, మళ్ళీ మాత్రలు రాసింది. షుగర్ అదుపులోకి వచ్చి చూపు కుదుటపడేదాకా ఇంజిన్ ఎక్కొద్దంది. పొడి సంగతేమిటని ఈయన నీళ్ళు నమిలితే, "పొడి తప్పు చేయలేదు" అని ఊరుకుంది.

కాలనీలో ఇలాంటి కబురు మాకన్నా ముందే ఇంటికి చేరుతుంది. ఆదివారం మందిరంలో అందరూ మా వైపు జాలిగా చూశారు. సాక్ష్యాల వేళకు ఆయన లేచారు. మళ్ళీ ఏ మహిమ వినాలో అని నేను తల దించుకున్నాను.

"షుగర్ పోయిందని సెప్పినాను. పోలేదు. తగ్గితే మాత్రలు మానేసినాను. మానమని దేవుడు సెప్పలేదు, నేనే మానేసినాను. మళ్ళీ ఏసుకుంటన్నాను. ప్రార్థన సెయ్యండి."

సంఘ పెద్ద గొంతు సవరించుకుని, "బాగైతే సెప్పాలి గానీ బ్రదర్, ఇది కూడా సాక్ష్యమేటి?" అన్నారు.

"ఏమోనండి. నాకు మాత్రం ఇంజిన్ ఎక్కాలనుంది," అని ఆయన కూర్చున్నారు.

ఆడవాళ్ళ వైపు నుంచి నేనొక్కదాన్నే ఆమేన్ అన్నాను. కాస్త గట్టిగానే.