కట్టెకు మించిన కప్ప

మా బావ ఎడమ కన్ను నా వల్ల పోయింది. సిరిసిల్లలో ఎవరినడిగినా ఉద్యమంలో పోలీసుల దెబ్బకు పోయిందని చెబుతారు. మా అక్క కూడా అదే చెబుతుంది. ఆ మాట పుట్టించింది కూడా నేనే.

బావ సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. కరెంటు మగ్గాలను అక్కడ అలాగే అంటారు. చెవులు గింగురుమనే ఆ కార్ఖానాలో ఎనిమిది సాంచాల మధ్య తిరుగుతూ, ఎక్కడ పోగు తెగినా ఇట్టే కనిపెట్టేవాడు. నేను జగిత్యాలలో ఒక ప్రభుత్వ ఆఫీసులో పెద్ద గుమస్తాను, కాపురం కోరుట్లలో. తెలంగాణ కోసం సమ్మె మొదలయ్యాక నా ఆఫీసుకు తాళం పడింది. బొగ్గు రాక కరెంటు కోతలు పెరిగి ఆయన సాంచాలూ ఆగిపోయాయి. దాంతో అక్కను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. భుజాన చేపలు పట్టే మూడు వెదురు గాలపు కట్టెలు కూడా తెచ్చాడు. మనకు సమ్మె గానీ కొర్రమట్ట చేపలకు లేదు గదా అన్నాడు.

బావకు, నాకు మధ్య పరాచికం తప్ప వేరే భాష ఉండేది కాదు. నా బట్టతల మీద ఆయన, ఆయన పొట్ట మీద నేను. పెళ్లినాడు ఆయన చెప్పులు దాచినప్పటి నుంచి అదే వరస. కోపమొచ్చినా దాన్ని నవ్వులో కలిపే అనేవాడు, నేనూ నవ్వుతూనే తీసుకునేవాణ్ని. ఆ వరస మంచిదని చాలాకాలం నమ్మాను.

మా దిక్కు కొర్రమట్టకు గాలం వేస్తే బతికిన కప్పపిల్లను గుచ్చుతారు. బావ దారపు కప్పలు కట్టేవాడు. సాంచాల కింద రాలిన నూలు తుక్కును గాలపు ముల్లుకు చుట్టి, కాళ్లలాగా నాలుగు కుచ్చులు వదిలేవాడు. నీళ్ల మీద గుంజితే అచ్చం కప్పే. అవి మూడు రకాలు: చింతగింజంతవి, రేగుపండంతవి, నిమ్మకాయంతవి. కట్టెలూ మూడే. సన్నదానికి చిన్న కప్ప, నడిమిదానికి నడిమిది, లావుదానికి పెద్దది. అనుమానమొస్తే ఆయన ఒక పద్ధతి చెప్పేవాడు. కప్పను నీళ్లలో నానబెట్టి కట్టె కొసకు వేలాడదీయాలి. కొస నాలుగు వేళ్ల మందం కన్నా ఎక్కువ వంగితే ఆ కప్ప ఆ కట్టెది కాదు. నానబెట్టకుండా చూస్తే నూలు మోసం చేస్తుంది, చెరువులో దిగాకగానీ దాని అసలు బరువు బయటపడదు.

"సన్న కట్టెకు పెద్ద కప్ప కడితే అది ఎటు పోతదో దానికే తెల్వది" అన్నాడు. నేను కొత్తవాణ్ని కాబట్టి నాకు సన్న కట్టె ఇచ్చాడు. అది నాకు నచ్చలేదు. ఆఫీసులో పదిమందికి పని చెప్పేవాణ్ని, చెరువు దగ్గర చిన్నపిల్లల కట్టె పట్టుకోవడమా అనిపించింది.

ఆ రోజు బంద్. జగిత్యాలలో మా ఆఫీసు ముందు వేసిన దీక్షా శిబిరంలో ఆ పూట నిరాహార దీక్షకు కూర్చోవలసింది నేనే. జ్వరమని కబురు పంపాను.  రోజూ నినాదాలిచ్చి గొంతు పోయింది, ఒక్క పూట మనిషిలా బతకాలనిపించింది, అంతే.

పొద్దున్నే కోరుట్ల దాటి జగిత్యాల రోడ్డు పక్కనున్న చెరువుకు నా బండి మీద పోయాం. గంటలో బావ రెండు కొర్రమట్టలు పట్టాడు. నాకు ఒక్కటీ లేదు. నీ జ్వరం గాలి చేపలకు తగిలింది బామ్మర్దీ అని ఏడిపించాడు. అంతలో తామరాకుల అవతల నీళ్లు గుప్పున లేచాయి. చేతి పొడుగు చేప. నా చింతగింజ కప్ప అంత దూరం పోవడం లేదు. బావ నా వెనక గట్టు మీద కూర్చొని తన చేప నోట్లోంచి ముల్లు తీస్తున్నాడు. నేను ఆయన డబ్బాలోంచి నిమ్మకాయంత కప్పను తీసి నా సన్న కట్టెకు కట్టాను. నానబెట్టకుండానే వేలాడదీశాను. కొస నాలుగు వేళ్లే వంగింది. చాలు, సరిపోయింది అనుకున్నాను. సరిపోలేదని నాకు తెలుసు.

మొదటి రెండు విసుర్లు సగం దూరమే పోయాయి. ఆ తర్వాత నూలు నీళ్లు తాగింది. మళ్లీ లేపితే కొస విల్లులా వంగింది, కప్ప పైకి రాకుండా నా వెనకాల బరువుగా వేలాడింది. నాకు తిక్క రేగింది. రెండు చేతులతో కట్టెను పట్టుకొని బలంగా ముందుకు కొట్టాను.

నీళ్లలో పడ్డ చప్పుడు రాలేదు. కట్టె ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోయింది. తిరిగి చూస్తే బావ రెండు చేతులతో ముఖం పట్టుకొని ఉన్నాడు. వేళ్ల సందులోంచి ఆకుపచ్చ దారపు కాళ్లు వేలాడుతున్నాయి.  ఏం చేశానో కళ్లకు కనిపిస్తోంది గానీ బుర్రకు ఎక్కడం లేదు. సిగ్గుమాలిన సంగతేమిటంటే, కట్టెను ఇంకా గట్టిగా పట్టుకొనే ఉన్నాను. తంగూసు దారం బిగుసుకునే ఉంది.

"గుంజకు" అన్నాడు బావ. "తంగూసు కొయ్యి."

 సాంచాల మీద పోగులు కత్తిరించే చిన్న కత్తెర ఎప్పుడూ ఆయన జేబులో ఉంటుంది. దాన్ని తడుముకొని తీసి, తన కంటి ముందరి దారాన్ని తనే కత్తిరించుకున్నాడు. ఒక్కసారి కూడా అరవలేదు. తువ్వాలతో కన్ను కప్పి తలకు కట్టాను, బండి మీద కూర్చోబెట్టుకున్నాను. జగిత్యాలలో కంటి డాక్టరు ఉన్నాడు. దారి పొడుగునా ఆయన నుదురు నా వీపుకు ఆనించే ఉంది. నా చొక్కా తడవడం తెలుస్తూనే ఉంది.

సగం దూరంలో రోడ్డుకు అడ్డంగా తుమ్మ కొమ్మలు వేశారు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి పెద్ద గంజులో అన్నం వండుతున్నారు. ఆ రోజుల్లో అదొక నిరసన. పదిహేను, ఇరవై మంది మమ్మల్ని చుట్టుముట్టారు. అందులో ఒకాయన మా శిబిరంలో నన్ను చూసినవాడే. నెత్తుటి తువ్వాల వైపు చూసి ఆయన అడిగాడు.

"ఏందన్నా గిది? పోలీసోళ్లు కొట్టిండ్రా?"

"అవును" అన్నాను.

దారి వదలరేమోనన్న భయంతో అన్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. నేను నోరు తెరవకముందే ఇద్దరు ముసలివాళ్లు కొమ్మలు పక్కకు లాగేస్తున్నారు. దెబ్బ తగిలిన మనిషిని ఏ బంద్‌లోనూ ఎవరూ ఆపలేదు. దీక్ష ఎగ్గొట్టి చేపల వేటకు పోయానని చెప్పడానికి నాకు నామోషీ, అందుకే అన్నాను. వాళ్లు జై తెలంగాణ అంటూ రెండు బండ్ల మీద మా ముందు సాగారు. వెనక కూర్చున్న బావ అదంతా విన్నాడు.

కన్ను దక్కలేదు. ముల్లు లోపలిదాకా పోయిందని డాక్టరు మెల్లగా చెప్పాడు. గాలమని ఆయనకు తెలుసు, ఎలా తగిలిందని అడగలేదు. బయట మాత్రం నా మాట మాకన్నా ముందే సిరిసిల్ల చేరింది. బావనూ అక్కనూ తీసుకొని వాళ్లింటికి పోయేసరికి వీధిలో జనం దండలు పట్టుకొని నిలబడ్డారు. అక్క ఏడుస్తూ కనపడని పోలీసుకు శాపనార్థాలు పెడుతోంది. ఆ శాపాలన్నీ పక్కన నిలబడి విన్నాను. ఎవరికి తగలాలో వాడికే తగులుతున్నాయి.

బావ ఆ తర్వాత నాలుగు సాంచాలే చూడగలిగాడు. ఎడమ పక్క పోగు తెగితే తెలిసేది కాదు. అయినా నాతో పరాచికం మానలేదు. నాకు దండలు పడ్డయి, నీకేం పడలేదని నవ్వేవాడు. నన్ను క్షమించాడనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అట్లా అనుకుంటే నాకు హాయిగా ఉండేది.

రాష్ట్రం వచ్చిన తర్వాత సిరిసిల్లలో ఉద్యమంలో గాయపడ్డవాళ్లకు సన్మానం పెట్టారు. బావను వేదిక మీదికి పిలిచారు. మైకు ముందు ఏం మాట్లాడతాడోనని భయపడ్డాను. ఆయన శాలువా కప్పించుకొని, దండం పెట్టి దిగిపోయాడు. ఇద్దరం నడుచుకుంటూ ఇంటి దాకా వచ్చాం. లోపల అక్క మాకోసం చాయ పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. శాలువాలో పెళ్లికొడుకులా ఉన్నవని నేనే ఎగతాళి మొదలుపెట్టాను.

నన్ను చూడటానికి ఆయన ముఖమంతా ఇటు తిప్పాలి. తిప్పాడు.

"నిజంగ పోలీసాయనే కొడితే మంచిగుండేది బామ్మర్దీ" అన్నాడు, అక్కకు వినపడకుండా. "గా పోలీసును రోజూ తిట్టుకునేటోన్ని. నిన్ను మనసు నిండ తిట్టాలని కన్ను పోయిన్నాడే అనుకున్న. గా ఒక్క అబద్ధంతోటి మీ అక్క ముంగట గూడ తిట్టనీయకుండ చేసినవు."

నవ్వబోయి ఆగిపోయాను. ఆయన నవ్వడం లేదు.